నిద్రలో మేలుకొన్న గుండె

మేడారపు జాతర చూచినవారికి ఒక క్షణము మరపునకు రాదు. రెండేండ్లకొకసారి జరుగు ఆ జాతరలో, రెండవనాటి సాయంకాలము, కోయ పూజారులు చిలుకలగుట్టనుండి సమ్మక్క తల్లిని కుంకుమభరిణె రూపమున తోడ్కొని దిగివత్తురు. అప్పుడు పోలీసు అధికారి తుపాకిని ఆకాశమున కెత్తి కాల్చి, ప్రభుత్వము పక్షమున తల్లికి వందనము సమర్పించును. ఆ చప్పుడు చెవిని బడిన మరుక్షణమున అక్కడ నిలిచిన వేలకువేల జనుల గుండెలు జల్లుమనును. భక్తి గలవారికి భక్తిచేతను, బెదరినవారికి బెదురుచేతను గుండె వడివడిగా కొట్టుకొనును. వడిగా కొట్టుకొమ్మని ఎవరును తమ గుండెకు చెప్పియుండలేదు. ఆ గుంపులో తల్లి భుజముపై నిద్రించు పసిబిడ్డను గమనింపుడు. కన్ను తెరవకయే ఆ బిడ్డ ఉలికిపడును. వీపుపై చేయి వేసి చూచినచో ఆ చిన్నిగుండె కూడ పరుగిడుచుండును. మనస్సు నిద్రించియున్నను దేహము ఆ చప్పుడును విన్నది.

ఈ చిన్న సత్యమే నేటి మా ప్రసంగమునకు మూలము. శస్త్రచికిత్సకై రోగిని నిద్రపుచ్చిన పిదప, అతని శ్వాసనాళములోనికి గొట్టమును పంపు అరనిమిషములో, దేహము లోపల తుపాకి ప్రేలినట్టి అలజడి కలుగును. రోగి దాని నెరుగడు. ఆపరేషన్ థియేటరు వెలుపల బల్లమీద కూర్చున్న బంధువులును ఎరుగరు. అతని గుండె మాత్రము ఎరుగును. మత్తు వైద్యులము ఆ అరనిమిషమును మందులతో ఎట్లు కాచుచున్నామో, ఆ కాపుదలలో రోగి ఇంటివారికి గల వంతు ఏమో శ్రోతలకు విన్నవించుట మా ఉద్దేశము.

మేడారము పూర్వపు వరంగల్లు జిల్లాలోని అడవి గ్రామము. 2019 నుండి ములుగు జిల్లాలో చేరినది. జాతర దినములలో అక్కడ తాత్కాలిక వైద్యశాలలు వెలయును. తక్కిన దినములలో పెద్ద శస్త్రచికిత్స కావలసినవారు ములుగునకో, సుమారు 100 కిలోమీటర్ల దూరమున నున్న వరంగల్లునకో రావలసినదే. అట్లు వచ్చిన ఒక పెద్దాయనను ఊహింతము. వయస్సు 60. పిత్తాశయములో రాళ్లు, వానిని తీసివేయవలెను. పదేండ్లుగా రక్తపోటు గలదు. కొడుకు వెంట వచ్చినాడు. శస్త్రచికిత్సనాటి ఉదయము మత్తు వైద్యుడు వచ్చి కొడుకు నడుగును:

“మీ నాయిన రోజూ ఏమన్న గోలీలు మింగుతడా?”

“మింగుతడు సార్. బీ.పీ. గోలి, పదేండ్ల సంది.”

“ఇయ్యాల మింగిండా?”

“లేదు సార్. పొద్దుగాల ఏమి తినొద్దు, తాగొద్దు అన్నరు గదా! గోలి గూడ బందు పెట్టినం.”

ఇట్టి సంభాషణ మన ప్రాంతపు ఆసుపత్రులలో తరచుగా వినబడునదే. ఆ కొడుకు చెప్పిన మాట వినినవాడే గాని తప్పు చేసినవాడు కాడు. తినవద్దన్న మాటలో గోలి కూడ చేరునని అతడు తలంచినాడు. కాని మింగక మానిన ఆ ఒక్క గోలి, గొట్టము వేయు వేళ గుండెమీద బరువై కూర్చుండగలదు. ఎట్లన్నచో, ముందు గొట్టము సంగతి తెలియవలెను.

పెద్ద శస్త్రచికిత్సకు ఇచ్చు మత్తులో మూడు పనులు కలిసియున్నవి. మొదటిది నిద్ర, రెండవది నొప్పిని అణచుట, మూడవది కండరములను సడలించుట. కడుపు కండరములు బిగిసియున్నచో శస్త్రవైద్యుని చేయి ఆడదు. కాని సడలింపు మందునకు కడుపు కండరమని, ఊపిరి తీయు కండరమని భేదము లేదు. అది వేసిన ఒకటి మొదలు మూడు నిమిషములలో రోగి తనంతట ఊపిరి తీయుట మానును. అప్పటినుండి అతనికి ఊపిరి పోయు భారము మాది. అంతేగాక గాఢనిద్రలో కడుపులోని పదార్థము గొంతులోనికి ఎగదన్ని ఊపిరితిత్తులలో పడు ప్రమాదము గలదు. ఈ రెంటికిని విరుగుడు ఒక్కటే. వంగెడు మెత్తని గొట్టమును నోటిగుండ శ్వాసనాళములోనికి పంపి, దాని చివరనున్న చిన్న బుడగను గాలితో ఉబ్బించి దారిని మూయుదుము. గాలి ఊపిరితిత్తులకు పోవును, మరేదియు పోజాలదు.

ఆ గొట్టమును గ్రుడ్డిగా త్రోయుటకు వీలులేదు. దీపము గల వంకర రేకు నొకదానిని నోటిలోనికి పంపి, నాలుక మొదలును పైకెత్తినచో స్వరపేటికయు, దాని నడుమ తెల్లని స్వరతంత్రులును కనబడును. ఆ తంత్రుల నడుమనుండి గొట్టము పోవలెను. ఈ పరికరమును లారింగోస్కోపు అందురు. నేడు పెక్కు ఆసుపత్రులలో వాడు వంకర రేకును ఆక్స్‌ఫర్డులోని మాకింటాష్ అను మత్తు వైద్యుడు 1943లో రూపొందించెను. చూచువారికి ఇది పది పదునైదు సెకనుల పని. చేయించుకొను దేహమునకు మాత్రము ఇది సామాన్యమైనది కాదు.

ఏలయన, గొంతు మన దేహములో మిక్కిలి కావలి గల ద్వారము. అన్నము తినుచుండగా ఒక్క మెతుకు దారి తప్పి స్వరపేటికను తాకినచో ఏమగునో అందరము ఎరుగుదుము. పొలమారును. ఎవరో తలచుకొన్నారని ఇంటి పెద్దలు నెత్తిమీద తట్టుదురు. దగ్గు తెరలు తెరలుగా వచ్చును, కన్నులలో నీరు నిండును, ముఖము ఎర్రబడును, గుండె దడదడలాడును. ఒక్క మెతుకునకే అంత సంరంభమైనచో, ఇనుప రేకు నాలుక మొదలును పైకెత్తుటయు, వ్రేలెడు లావు గొట్టము స్వరతంత్రుల నడుమ దూరుటయు ఎంత కలవరము పుట్టించునో ఊహింపవచ్చును.

ఆ కలవరము నడచు త్రోవ యిది. నాలుక మొదటను, స్వరపేటికయందును వ్యాపించిన నాడులు ఆ తాకిడి వార్తను మెదడు అడుగుభాగమునకు కొనిపోవును. అక్కడనుండి, మన యిష్టముతో పనిలేక అపాయ సమయములలో దేహమును సిద్ధపరచు సహానుభూత నాడీవ్యవస్థకు ఆజ్ఞ పోవును. నాడుల కొనలనుండి నారడ్రినలిను, మూత్రపిండములపై నున్న అడ్రినల్ గ్రంథులనుండి అడ్రినలిను రక్తములోనికి వెలువడును. రక్తనాళములు ముడుచుకొనును, గుండె వేగమును, బలమును హెచ్చును. నిద్రమందు రోగికి ఈ సంగతి తెలియకుండ చేయును. సడలింపు మందు దగ్గు రాకుండ చేయును. కాని నాడులగుండ గుండెకు పోవు ఈ రహస్యపు త్రోవను ఆ రెండును చాలినంతగా మూయజాలవు. ఇంట్లోనివారు పడుకొని, వీధి తలుపునకు గడియ వేసినను, పెరటి తలుపు తెరచియున్నట్టి స్థితి యిది.

రేకు గొంతును తాకిన కొన్ని సెకనులలోనే రక్తపోటు ఎగయ నారంభించును. గొట్టము స్వరతంత్రులను దాటునప్పుడు మరింత ఎగయును. పై అంకె 20 మొదలు 40 వరకు పెరుగుట అరుదు కాదు. నాడి నిమిషమునకు 20 దెబ్బలు హెచ్చుటయు గలదు. పిదప అయిదు పది నిమిషములలో అంతయు మరల సద్దుమణగును. పసిపిల్లలలో మాత్రము ఒక్కొక్కప్పుడు ఇది తారుమారై, గుండె వేగము తగ్గును. అందుకు వేరు మందులు సిద్ధముగ నుంచుకొందుము.

ఆరోగ్యవంతుడైన యువకునికి ఈ అలజడివలన చెరుపు లేదు. బస్సు అందుకొనుటకై పరుగెత్తినప్పుడు అతని గుండె ఇంతకంటె ఎక్కువ శ్రమపడియుండును. కాని హృదయ ధమనులు సన్నబడినవాని స్థితి వేరు. గుండె దేహమునంతటికి రక్తము పంపునప్పుడు తాను బిగిసియుండును గావున, తన ఎడమభాగపు కండరమునకు కావలసిన రక్తమును ముఖ్యముగ రెండు దెబ్బల నడుమ సడలియున్న వేళనే పొందును. నిమిషమునకు 60 దెబ్బలైనచో ఒక్కొక్క దెబ్బకు ఒక సెకను వ్యవధి గలదు. 120 అయినచో అరసెకను మాత్రమే. అందును తరిగిపోవునది ముఖ్యముగ ఆ విరామ కాలమే. అనగా గుండె పని పెరుగును, దానికి అందు తిండి తరుగును. నాగలి దున్ను ఎద్దును రెట్టింపు వడితో తోలుచు, మేత వేళను సగమునకు తగ్గించినట్లుండును. అట్టివానికి ఆ కొలది నిమిషములు గుండెపోటునకు దారితీయవచ్చును. మెదడులో రక్తనాళము ఉబ్బియున్నవానికి ఆ ఉబ్బు పగులవచ్చును. దీర్ఘకాలపు రక్తపోటు గలవారి నాళములు గట్టిబడియుండును గావున, వారిలో ఈ ఎగుడుదిగుడులు ఇతరులలోకంటె తీవ్రముగ నుండును.

మత్తులో గుండెకు ఏమగునన్న ప్రశ్న మన తెలుగు నేలకు కొత్తది కాదు. ప్రపంచ వైద్యులందరు ఒకప్పుడు ఈ ప్రశ్నకు సమాధానముకై హైదరాబాదువైపు చూచిరి. ఆ కథ చెప్పవలెనన్న క్లోరోఫారముతో మొదలిడవలెను. 1847లో ఎడిన్‌బరో నగరమున సింప్సన్ అను వైద్యుడు క్లోరోఫారమును మత్తునకై వాడుకలోనికి తెచ్చెను. మరుసటి ఏడు జనవరిలోనే, ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అను 15 ఏండ్ల బాలిక, కాలిగోరు తీయించుకొనుటకు క్లోరోఫారము పీల్చి, కొన్ని నిమిషములలో మరణించెను. అటుపిమ్మట అట్టి ఆకస్మిక మరణములు అక్కడక్కడ జరుగుచునే యుండెను. క్లోరోఫారము ప్రాణము తీయుట ఊపిరిని ఆపియా, గుండెను ఆపియా యన్న వాదము వైద్యలోకమును రెండుగ చీల్చెను.

అప్పుడు హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగను, వైద్య పాఠశాలకు అధిపతిగను నుండిన ఎడ్వర్డు లారీ ఈ వాదమును తేల్చబూనెను. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వము తోడ్పడగా, 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారం కమిషను జంతువులపై పరిశోధనలు చేసెను. లండనులోని లాన్సెట్ పత్రిక ఆ ఫలితములను శంకింపగా, నిజాము ప్రభుత్వము 1000 పౌనుల వ్యయము భరించి, ఆ పత్రిక ప్రతినిధిగా ఒక పండితుని పంపుమని కోరెను. 1889లో సర్ లాడర్ బ్రంటన్ హైదరాబాదునకు వచ్చెను. రెండవ కమిషను కూర్చుండెను. క్లోరోఫారము గుండెను నేరుగ కొట్టదు, ముందు ఊపిరి ఆగును, పిదపనే గుండె ఆగును, కావున మత్తు ఇచ్చువాడు ఊపిరిని కనిపెట్టియున్న చాలునన్నది వారి తీర్పు.

ఆ కాలమున హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివిన స్త్రీలలో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. ఆమె నగరములోని ఆసుపత్రులలో ఏండ్ల తరబడి రోగులకు క్లోరోఫారము ఇచ్చు బాధ్యత వహించిరి. మరింత నేర్చుటకై ఎడిన్‌బరోకును వెళ్లిరి. ప్రపంచములో తొలి మహిళా మత్తు వైద్యురాలు ఆమెయేనని పలువురు చరిత్రకారులు చెప్పుదురు. స్త్రీలకు వైద్యవిద్య అరుదైన ఆ దినములలో ఈ గౌరవము మన గడ్డకు దక్కుట చిన్న విషయము కాదు.

హైదరాబాదు తీర్పులో సగము సత్యము గలదు. ఊపిరిని కనిపెట్టుమన్న హితవు ఎందరి ప్రాణములనో కాచినది; నేటికిని మాకు అది మొదటి సూత్రమే. కాని రెండవ సగము 1911లో బయటపడెను. లెవీ అను ఆంగ్ల వైద్యుడు పిల్లులపై పరిశోధించి, క్లోరోఫారము మత్తు పలుచగా నున్న వేళ రక్తములో అడ్రినలిను చేరినచో, గుండె లయ తప్పి గిలగిలలాడి ఆగిపోవునని చూపెను. గాఢమత్తులోకంటె పలుచని మత్తులోనే ఆ అపాయము మెండుగ నుండెను. భయపడిన మనిషి దేహములో అడ్రినలిను తనంతట పుట్టును గదా! భయపడుచు, సగము నిద్రలో, కత్తి తాకిడికి గురియైన రోగికి తన దేహములోని రసమే విషమగునని తేలినది. మందు ఒక్కటే శత్రువు కాదు. మందునకును, దేహపు కలవరమునకును కుదిరిన పొత్తు శత్రువు. క్లోరోఫారము వాడుక ఏనాడో తొలగిపోయినది. కాని ఆ పాఠము మాత్రము నిలిచినది.

గొట్టము వేయుటవలన గుండెకు కలుగు మార్పులను అమెరికాలో రీడ్, బ్రేస్ అను వైద్యులు 1940లో ప్రకటించిరి. 1942లో కెనడాలోని గ్రిఫిత్ అను వైద్యుడు కురారే అను సడలింపు మందును మత్తులో వాడి చూపిన పిదప, గొట్టము వేయుట నానాటికి సామాన్యమైనది. దానితోపాటు ఈ అలజడియు సామాన్యమైనది. 1951లో కింగ్ మొదలగువారు దానిని కొలిచి చూపిరి. 1971లో ఆక్స్‌ఫర్డులోని ప్రిస్ రాబర్ట్స్ బృందము రక్తపోటు గల రోగులను పరిశీలించి, చికిత్స సరిగా లేనివారిలో ఈ ఎగుడుదిగుడులు ఎంత ప్రమాదకరములో తెలిపిరి. అప్పటినుండి, ఈ అలజడిని ముందుగనే మందుతో ఎదుర్కొనుట ఒక ప్రత్యేక విద్యగ పెరిగినది.

ఆ మందులను మూడు విధములుగ తలపవచ్చును. వార్త పుట్టుచోటనే దానిని ఆపునవి కొన్ని. వార్త మెదడులో చేరినపుడు దానిని మందగింపజేయునవి కొన్ని. ఆజ్ఞ గుండెకు చేరినపుడు దానిని అడ్డునవి కొన్ని.

మొదటి తెగలో లిగ్నోకెయిను ముఖ్యము. 1943లో స్వీడను దేశమున లోఫ్‌గ్రెన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు దీనిని తయారుచేసెను. పంటి వైద్యుడు చిగురునకు పొడుచు తిమ్మిరి మందు ఇదియే. దీనిని గొంతులోను, స్వరతంత్రులపైనను చల్లినచో అక్కడి నాడులు మొద్దుబారును. కొందరు దీనిని గొట్టమునకు రెండు మూడు నిమిషములు ముందు నరములోనికి ఎక్కింతురు. ఆ పద్ధతి చాల వాడుకలో నున్నను, దానివలని మేలు ఎంతయో అన్ని పరిశోధనలును ఒకే తీరుగ చెప్పుటలేదు.

రెండవ తెగలో ఫెంటనిల్ ముఖ్యము. నల్లమందు జాతికి చెందిన ఈ మందును బెల్జియములో పాల్ జాన్సెన్ 1960లో తయారుచేసెను. కొలత గ్రాములలో కాదు, మిల్లీగ్రాములలోను కాదు, మైక్రోగ్రాములలో. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షల వంతు. దేహపు బరువులో ఒక్కొక్క కిలోకు రెండు మూడు మైక్రోగ్రాములు మాత్రమే ఇత్తుము. దీని బలము నరములో పడిన మూడు నాలుగు నిమిషములకు గాని పూర్తిగా తెలియదు. కావున నిద్రమందునకు ముందే దీనిని ఇచ్చి, గడియారము చూచుచు వేచియుండవలెను. తొందరపడి ఇచ్చిన వెంటనే గొట్టము వేసినచో, వానకు తడిసిన పిదప గొడుగు పట్టినట్లే యగును. 1999లో అమెరికాలో అనుమతి పొందిన డెక్స్‌మెడిటొమిడిన్ అను మందు మెదడునుండి వెలువడు ఆజ్ఞనే తగ్గించును. దానిని పది నిమిషములు మెల్లగా ఎక్కింపవలెను.

మూడవ తెగలో బీటా నిరోధకములు గలవు. బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జేమ్స్ బ్లాక్ 1960 దశకములో ప్రొప్రనొలాల్‌ను లోకమునకు ఇచ్చెను. 1988లో నోబెల్ బహుమానము పొందెను. అడ్రినలిను గుండెను చేరి తట్టు తలుపులకు ఈ మందులు ముందే గడియ వేయును. వీనిలో ఎస్మొలాల్ మా పనికి మిక్కిలి అనువైనది. ఒకటి రెండు నిమిషములలో పనిచేయును. ఎర్రరక్తకణములలోని ఒక పదార్థము దానిని వెంటనే విరిచివేయును గనుక, సుమారు తొమ్మిది నిమిషములలో సగము తరిగిపోవును. అతిథివలె వచ్చి, పని ముగియగనే పోవును. కాని ఉబ్బసము గలవారిలో ఈ జాతి మందులు శ్వాసనాళికలను ముడువజేయగలవు. కావుననే “ఉబ్బసమున్నదా?” అని పదేపదే అడుగుదుము.

ఇన్ని మందులున్నచో అన్నిటిని మెండుగ ఇచ్చిన సరిపోదా యని అడుగవచ్చును. సరిపోదు. ఇచ్చటనే ఈ విద్యలోని కష్టము గలదు. పాలవలె తెల్లగా నుండు ప్రొపొఫాల్ మొదలగు నిద్రమందులు స్వయముగ రక్తపోటును దించును. అనగా రోగి రక్తపోటు మొదట లోయలోనికి దిగును. గొట్టము పడినపుడు కొండకెక్కును. అది సద్దుమణిగి కత్తి పడులోపల మరల లోయలోనికి దిగును. కొండను తగ్గింపబూని మందు హెచ్చించినచో లోయ మరింత లోతగును. ముసలివారి మెదడునకును, మూత్రపిండములకును, గుండెకును రక్తము చాలకపోవుట, రక్తము పొంగుటకంటె తక్కువ ప్రమాదము కాదు. కావున వయస్సు, బరువు, జబ్బు, పాతమందులు చూచి, ఒక్కొక్కరికి ఒక్కొక్క కొలత కుదుర్చుదుము. కొలతలో ఎంత జాగ్రత్తయో, వేళలో అంతకంటె ఎక్కువ జాగ్రత్త కావలెను. మందు బలము శిఖరమున నుండు నిమిషమును, గొట్టము స్వరతంత్రులను దాటు నిమిషమును ఒక్కటిగ కలియవలెను.

గర్భవతుల విషయమున ఈ జాగ్రత్త రెండు ప్రాణములకు సంబంధించినది. కొందరికి గర్భకాలమున రక్తపోటు మిక్కిలి పెరిగి, మూర్ఛలు వచ్చు స్థితి కలుగును. అట్టివారికి గొట్టము వేళ రక్తపోటు ఒక్కసారిగ ఎగసినచో మెదడులో రక్తస్రావము కాగలదు. వీలున్నచో వారికి వెన్నులో సూదిమందు ఇచ్చి, గొట్టము పనిలేకుండ శస్త్రచికిత్స జరిపింతుము. గొట్టము తప్పనిచో లాబెటొలాల్, మెగ్నీషియం సల్ఫేట్ వంటి మందులతో ముందు రక్తపోటును అదుపు చేయుదుము. తల్లికిచ్చిన మందు బిడ్డకును చేరును గావున, బిడ్డను అందుకొను వైద్యులకు దాని సంగతి ముందే తెలుపుదుము.

మందులు కాక వేరు రక్షణలును గలవు. మొదటిది చేతి నేర్పు. రేకు గొంతులో ఎంత తక్కువ సేపు, ఎంత తక్కువ బలముతో నుండిన, అలజడి అంత తక్కువ. 15 సెకనులలో పని ముగించుట మాకు గురి. చివర చిన్న కెమెరా గల నూతన పరికరములు గొంతును అంతగా ఎత్తకయే స్వరతంత్రులను తెరపై చూపును. ఆంగ్ల వైద్యుడు ఆర్చీ బ్రెయిన్ 1980 దశకములో రూపొందించిన స్వరపేటిక మాస్కు స్వరతంత్రులను దాటకయే వాని పైభాగమున కూర్చుండును. తగిన శస్త్రచికిత్సలలో దానితోనే పని జరుగును. గొట్టము తీయు వేళను కూడ ఇట్టి అలజడియే కలుగును గనుక, అప్పుడును ఇదే కాపుదల అవసరము.

రెండవ రక్షణ మాట. 1963లో బోస్టనులో ఎగ్బర్ట్ మొదలగువారు ఒక పరిశీలన చేసిరి. శస్త్రచికిత్సకు ముందు కొందరికి భయము తీర్చు మందు ఇచ్చిరి. మరికొందరికి మత్తు వైద్యుడు వెళ్లి, జరుగబోవునది వివరించి ధైర్యము చెప్పెను. మందు పొందినవారికంటె మాట వినినవారే కుదురుగ నుండిరి. దేహములో అడ్రినలిను పుట్టించు భయమును మాటయే కొంత తీర్చగలదని శ్రోతలు గ్రహింతురు గాక. వైద్యుడు తనంతట చెప్పనిచో, “మా నాయినకు మత్తు ఎట్ల ఇస్తరు సార్?” అని నిస్సంకోచముగ అడుగవలెను. అది మీ హక్కు.

మూడవ రక్షణ మీ చేతిలో నున్నది. రోజు మింగు గోలీలన్నియు, వాని అట్టలతో సహా, ఆసుపత్రికి తీసికొనిరండు. ఏ గోలి ఆపవలెనో, ఏ గోలి ఆపరాదో వైద్యుడే చెప్పవలెను. అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి బీటా నిరోధకములను హఠాత్తుగ మానినచో, ఇన్నాళ్లు అణగియున్న గుండె ఒక్కసారిగ రెచ్చిపోవును. సామాన్యముగ వానిని శస్త్రచికిత్స ఉదయమున కూడ గుక్కెడు నీటితో మింగవలసినదే. మరికొన్ని రకముల రక్తపోటు గోలీలను ఆ ఉదయము ఆపుమని మేమే చెప్పుదుము. ఏలయన అవి మత్తు వేళ రక్తపోటును మిక్కిలి దించగలవు. తినవద్దన్న మాట అన్నమునకు, పాలకు, టీకి చెల్లును. అన్నము వంటి తేలిక తిండికి ఆరు గంటలు, మంచినీటికి రెండు గంటలు ఎడముండవలెనన్నది సామాన్య నియమము. గోలి సంగతి వేరుగ అడిగి తెలిసికొనవలెను.

పొగాకు, కల్లు, సారాయి వాడుకలను దాచరాదు. జాతర ముగిసిన మరునాడు ఆసుపత్రికి వచ్చినవారు ముందు నాలుగు దినములలో ఏమి త్రాగిరో చెప్పుటకు సిగ్గుపడుదురు. మేము అడుగుట మందలించుటకు కాదు, మందు కొలత కుదుర్చుటకు. ఉబ్బసము, థైరాయిడు, ఛాతినొప్పి, కదలుచున్న పన్ను, పూర్వము మత్తులో కలిగిన ఇబ్బంది - ఏదియు చిన్న విషయమని తలపరాదు. ఆ ఉదయము రక్తపోటు 180/110 దాటియున్నచో, అత్యవసరము కాని శస్త్రచికిత్సను వాయిదా వేయుటయే మేలని సామాన్యముగ తలంతుము. దూరపు ఊరినుండి బస్సు చార్జీలు పెట్టుకొని, కూలి పోగొట్టుకొని వచ్చినవారికి అది కష్టమే. కాని ఆ కోపమును మేము భరింపగలము. ఆ ప్రమాదమును రోగి భరింపలేడు.

ఇక మన పెద్దాయన యొద్దకు మరలుదము. అతని రక్తపోటు ఆ ఉదయము 168/98. గోలి అట్ట చూచినారు. ఆపరాని రకమని తేలినది. గుక్కెడు నీటితో మింగించి, వరుసలో ఇంకొకరిని ముందు పిలిచినారు. మధ్యాహ్నమునకు అతని వంతు వచ్చెను. మూడు నిమిషములు ప్రాణవాయువు పీల్పించిరి. నొప్పి మందు నరములోనికి పోయెను, గడియారము చూచిరి. నిద్రమందు, సడలింపు మందు పోయెను. రేకు గొంతులోనికి పోయినపుడు యంత్రముపై 128 అంకె మెల్లగా కదలి 146 వరకు వెళ్లి, అయిదు నిమిషములలో మరల దిగెను. తుపాకి ప్రేలినది, ఆ చప్పుడు అతని గుండెకు దూరపు చప్పుడుగ మాత్రమే వినబడినది.

వెలుపల బల్లమీద కూర్చున్న కొడుకునకు ఇదంతయు తెలియదు. కాని జేబులోని గోలి అట్టను తీసి వైద్యుని చేతిలో పెట్టినవాడు అతడే. శస్త్రచికిత్స ముందున్న ప్రతి ఇంటివారును ఆ ఒక్క పని మరువకుందురని మా కోరిక.